వరస ఏమవుతుంది?

(తిరుపతిలో ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రాండప్పా, ఇక్కడ నాలుగు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రామ్మా, నువ్వు కూడా రా.

చూడండి, నోరు తెరిచి ఒక నిమిషం కాలేదు, అప్పుడే చుట్టరికాలు కలిపేసినాను. 'రాండప్పా' అన్నాను. అప్ప అంటే ఎవరు? ఇటు వేలూరు పోతే అప్ప అంటే తండ్రి. అటు పలమనేరు దాటి ముళబాగిలు పోతే అక్కడా తండ్రే. మన చిత్తూరు వైపు ఆటో నడిపే పిల్లవాడిని కూడా 'ఏమప్పా' అంటాం. అదే మాట పట్టుకొని శ్రీకాకుళం పోయి అడగండి, అప్ప అంటే అక్క అంటారు. ఇంక 'రామ్మా' అన్నాను. ఆ పాపకు పన్నెండేళ్ళుంటాయేమో. నాకు అమ్మ ఎట్లా అవుతుంది? అయినా ఆ పాపకు తప్పుగా తోచలేదు, నాకూ తోచలేదు, మీకూ తోచలేదు. ఈ సాయంత్రం మనం మాట్లాడుకోబోయేది ఈ మాటల గురించే.

ఈ ఊళ్ళో నిలబడి ఈ సంగతి ఎత్తినప్పుడు తిరుమల నంబి దగ్గర మొదలుపెట్టాలి. ఆయన రోజూ పాపవినాశనం నుంచి స్వామి అభిషేకానికి నీళ్ళు మోసుకొచ్చేవాడు. ఒకనాడు స్వామి బోయవాడి రూపంలో ఎదురొచ్చి, 'తాతా, దాహం' అని అడిగాడని సంప్రదాయం. ఆ పిలుపువల్లనే ఆయన వంశంవాళ్ళు తాతాచార్యులయ్యారు. సరే, స్వామి ఆయన్ని ఏమని పిలిచినట్టు? మన చెవికి తాత అంటే అమ్మకో నాన్నకో తండ్రి. సంస్కృతంలో తాత అంటే తండ్రే. అంతటితో అయిపోలేదు. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడిని 'తాత' అని పిలుస్తాడు. అక్కడ దానికి అర్థం 'నాయనా' అని. మనం మాత్రం చిన్నపిల్లవాడిని దగ్గరికి తీసుకొని 'నాయనా' అనడం లేదా? నాయన అంటే తండ్రి కదా మనకు!

ఇంకొక సంగతి. ఈ తిరుమల నంబి రామానుజులవారికి ఏమవుతాడు? ఎవరైనా చెబుతారా? మేనమామ. ఆ అమ్మ సరిగ్గా చెప్పింది. రామానుజులవారి తల్లికి తోడబుట్టినవాడు. కొండ కింద, ఈ తిరుపతిలోనే, ఏడాది పాటు మేనల్లుడికి రామాయణ రహస్యాలు చెప్పాడంటారు. ఇదే ఇంగ్లీషు పుస్తకంలో చదివితే 'అంకుల్' దగ్గర చదువుకున్నాడని ఉంటుంది. అంకుల్ అంటే మనకు ఏం తెలిసింది? చెవులు కుట్టించేటప్పుడు బిడ్డను ఎవరి ఒళ్ళో కూర్చోబెడతారు? పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి ఎవరు తెస్తారు? మేనమామ అనేసరికి ఇవన్నీ వెంట వస్తాయి.

శబ్దం సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే అక్కడ చాలామంది పొరబడతారు. బెంగాలీలో దాదా అంటే అన్న, హిందీలో నాన్నకు నాన్న. మనకు నాన్న అంటే తండ్రి, హిందీలో నానా అంటే అమ్మకు తండ్రి. రాయలసీమలో చాలా ఇళ్ళల్లో అబ్బ అంటే తాత. పక్కింట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళ పిల్లవాడికి అబ్బా అంటే తండ్రి. ఒకే గోడకు అటూ ఇటూ! ఇంకా దూరం పోతాం. కాకసస్ కొండల దగ్గర జార్జియా అని దేశం ఉంది. వాళ్ళ భాషలో 'మామ' అంటే తండ్రి, 'దెద' అంటే తల్లి. పసిబిడ్డ నోట ముందు పలికే శబ్దాలు మా, బా, పా, దా, నా. రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు. బిడ్డ ఏదో అంటుంది, ఇంట్లోవాళ్ళు ఆ శబ్దాన్ని ఎవరికి వాళ్ళు పంచుకుంటారు. కాబట్టి శబ్దం కలిసిందని చుట్టరికం కలిసినట్టు కాదు.

మరి ఏది చూడాలి? వరసను చూడాలి. కొత్త మనిషి ఇంటికొస్తే మన అవ్వలు అడిగే మొదటి మాట ఏమిటి? 'ఏం వరస అవుతాడు?' వరస అంటే క్రమం, పద్ధతి. తమిళంలో దీన్ని మురై అంటారు, దానికీ అర్థం అదే. వాళ్ళకు మురైపెణ్ణు అంటే పెళ్ళాడే వరస ఉన్న అమ్మాయి, మన మరదలు. చుట్టరికానికి మనం పెట్టుకున్న పేరే క్రమం. నేను చెప్పాలనుకున్నది ఇదే, మిగతాదంతా దీని వివరమే. అత్త, మామ, బావ అన్నవి మనుషులకు అంటించిన పేర్లు కావు. అవి ఒక లెక్క.

ఆ లెక్కకు తాళంచెవి ఒక్క మాటలో ఉంది. మామ. అమ్మ తోడబుట్టినవాడు మామ. మేనత్త మొగుడు మామ. భార్య తండ్రి మామ. మొగుడి తండ్రి మామ. నలుగురికీ ఒకటే మాట. అత్త కూడా అంతే. నాన్న తోడబుట్టినది అత్త, మేనమామ భార్య అత్త, మొగుడి తల్లి అత్త. తమిళులకూ కన్నడిగులకూ కొంచెం అటూ ఇటూగా ఇదే లెక్క. మాటలు లేక పొదుపు చేశారా మన పెద్దవాళ్ళు? కాదప్పా! మేనమామ కూతురినో మేనత్త కూతురినో చేసుకునే చోట, మేనమామే పిల్లనిచ్చిన మామ అవుతాడు. వేరే మాట ఎందుకు? మాటలోనే పెళ్ళి ఉంది.

ఇప్పుడు అటువైపు చూడండి. నాన్న అన్న ఎవరు? పెదనాన్న. తమ్ముడు? చిన్నాయన. వాళ్ళ పేర్లలోనే 'నాయన' ఉన్నాడు. అమ్మ అక్క పెద్దమ్మ, చెల్లెలు చిన్నమ్మ, పిన్నమ్మ. అక్కడ 'అమ్మ' ఉంది. కాబట్టి వాళ్ళ పిల్లలు అన్నలు, తమ్ముళ్ళు, అక్కలు, చెల్లెళ్ళు. పెళ్ళి మాట తలవకూడదు. తలిస్తే వావి తప్పినట్టు. తమిళం చూడండి, పెరియప్పా, చిత్తప్పా. కన్నడం చూడండి, దొడ్డప్ప, చిక్కప్ప. ఎక్కడా అప్పను వదల్లేదు. అన్నదమ్ముల పిల్లలు ఒక గట్టున, అన్నాచెల్లెళ్ళ పిల్లలు ఇంకొక గట్టున. ఈ గీత మన మూడు భాషల నడుమా చెరిగిపోకుండా ఉంది.

హిందీ కూడా మన మాటే వాడుతుంది, మామా. కానీ లెక్క వేరు. అక్కడ మామా పిల్లలూ అన్నాచెల్లెళ్ళే. మామా ఎన్నటికీ పిల్లనిచ్చిన మామ కాడు, ఆయనకు ససుర్ అని వేరే మాట. కొండకు వచ్చిన ఉత్తరాది కుటుంబం ఒకటి ఒకసారి బస్సులో నా పక్కన కూర్చుంది. మాటల్లో నేను, 'మా అమ్మ తన మేనమామ కొడుకునే చేసుకుంది' అన్నాను. ఆ పెద్దావిడ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. ఆమెకు అది అన్నాచెల్లెళ్ళ పెళ్ళిలా వినిపించింది. నాకు కోపం రాలేదు. ఆమె భాషలో నేనన్న మాటకు అర్థం అదే మరి. ఇది ఈనాటి పేచీ కూడా కాదు. బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదివాళ్ళకు ప్రత్యేకమైన అయిదు ఆచారాలను లెక్కపెట్టింది. వాటిలో రెండు ఏవి? మేనమామ కూతురిని పెళ్ళాడటం, మేనత్త కూతురిని పెళ్ళాడటం. 1955 హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళను వద్దంటూనే, ఆచారం ఒప్పుకునేచోట తప్ప అని ఒక దారి వదిలింది. ఇప్పుడు మేనరికాలు తగ్గాయి, బిడ్డల ఆరోగ్యం కోసం డాక్టర్లు వద్దంటున్నారు, అది మంచిదే. పెళ్ళి పోయినా మాట మాత్రం పోలేదు, గమనించారా? మేనరికం చేసుకోనివాళ్ళూ మామగారిని మామ అనే పిలుస్తున్నారు.

భారతంలో చూడండి. కుంతి వసుదేవుడికి తోడబుట్టినది. కాబట్టి కృష్ణుడు అర్జునుడికి మేనమామ కొడుకు, బావ. తరవాత అర్జునుడు సుభద్రను చేసుకున్నాడు. ఇప్పుడు కృష్ణుడు భార్యకు అన్న, ఇప్పుడూ బావే. పెళ్ళికి ముందు బావ, పెళ్ళి తరవాతా బావ. మన ఊళ్ళల్లో నాటకం వేసినప్పుడు ఆ 'బావా' అన్న పిలుపు దగ్గర జనం ఎందుకు అంత మురిసిపోతారు? అది వాళ్ళ ఇంటి మాట కాబట్టి. ఇంగ్లీషులో చెప్పాలంటే మొదట కజిన్, తరవాత బ్రదర్ ఇన్ లా. మాట మారితే మనిషి మారినట్టుంటుంది.

సరే, ఒక పరీక్ష పెడతాను. ముందు వరసలో కూర్చున్న పిల్లలు చెప్పండి. మీ నాన్నకు మేనత్త కొడుకు మీకేమవుతాడు? తొందరపడకండి... అదీ! ఎవరో వెనకనుంచి అన్నారు, మామ. ఎందుకమ్మా? నాన్నకు బావ, అందుకని నాకు మామ. రెండు సెకండ్లు పట్టింది. ఈ లెక్క మీకెవరూ పలక మీద రాసి నేర్పలేదు. ఈ జవాబును కాసేపు గుర్తుపెట్టుకోండి.

ఈ లెక్క మీద ప్రపంచంలో మొట్టమొదట పెద్ద పుస్తకం రాసినవాడు అమెరికావాడు, లూయీ హెన్రీ మోర్గన్. న్యూయార్కు రాష్ట్రంలో వకీలు. అక్కడి సెనెకా అనే తెగవాళ్ళు నాన్న తోడబుట్టినవాడిని నాన్న అనడం, అమ్మ తోడబుట్టినదాన్ని అమ్మ అనడం, మేనమామకు మాత్రం వేరే మాట వాడటం విని ఆశ్చర్యపోయాడు. వేరే ఎవరైనా ఇట్లా అంటారా అని 200కు పైగా ప్రశ్నలు అచ్చువేయించి దేశదేశాలకు పంపాడు. తమిళ మాటలు ఆయనకు ఎవరినుంచి అందాయి? మన ఆర్కాటు మిషన్ అనే క్రైస్తవ సంఘం నుంచి, అందులో పనిచేసిన స్కడర్ అన్నదమ్ముల నుంచి. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే. అంటే మన ఇరుగుపొరుగు ఇళ్ళల్లో పిలుచుకునే మాటలే సముద్రాలు దాటిపోయాయి. చూస్తే ఏముంది? సెనెకావాళ్ళ లెక్కా మన లెక్కా ఒక్కలాగే ఉంది! ఆయన పుస్తకం 1871లో వచ్చింది. అందులో తమిళం, తెలుగు, కన్నడం పక్కపక్కనే ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న మాట, దారి తప్పుతున్నా సరే. వేలూరు ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ పేరు మీరందరూ విన్నదే. ఈ ప్రసంగం కోసం ఆ అన్నదమ్ములు ఆమెకు ఏమవుతారో రాసుకుందామని కూర్చున్నాను. ఇంగ్లీషులో 'అంకుల్స్' అని ఉంది. పెదనాన్నా? చిన్నాయనా? మేనమామా? కలం కదల్లేదు. ఆమె నాన్న పుట్టిన ఏడు, వీళ్ళు పుట్టిన ఏడు వెతికి చూసుకుంటే తప్ప 'పెదనాన్నలు' అని రాయలేకపోయాను. ఒక్క మాట తెలుగులో రాయాలంటే మూడు సంగతులు తెలియాలి. అమ్మ వైపా నాన్న వైపా, పుట్టుకతోనా పెళ్ళితోనా, పెద్దా చిన్నా.

మోర్గన్ ఏమనుకున్నాడు? ఈ పోలిక పట్టుకొని, అమెరికా తెగలు ఆసియా నుంచి పోయినవాళ్ళే అనడానికి ఇదే రుజువు అన్నాడు. ఆ రుజువు నిలవలేదు. 1964లో లౌన్స్‌బరీ అనే ఆయన ఇంకా లోతుకు దిగి చూపించాడు, ఇవి పైకి ఒకటే, లోపల వేరు అని. ఎక్కడ తేడా? ఇందాక నేనడిగిన ప్రశ్న దగ్గరే! నాన్న మేనత్త కొడుకును సెనెకావాళ్ళు నాన్న అంటారు. నాన్నతో సమానమైన మగవాడు కాబట్టి నాన్న, అంతే. మనం మామ అంటాం. మన లెక్క ఒక తరం వెనక్కి పోయి, అక్కడ పెళ్ళి వరస ఉందా లేదా చూసుకొని తిరిగి వస్తుంది. 1953లోనే లూయీ ద్యుమాఁ అనే ఫ్రెంచి పండితుడు చెప్పాడు, ద్రావిడ బంధుపదాలు రక్తం గురించి కాదు, పెళ్ళి గురించి అని. పండితులు తొంభై ఏళ్ళు తవ్వి తీసినదాన్ని ఇందాక మీరు రెండు సెకండ్లలో చెప్పారు.

ఇంగ్లీషువాళ్ళకు ఇవన్నీ లేవు పాపం అని మనం అనుకుంటాం. లేకపోవడం కాదు, ఉండి పోయాయి! వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నాన్న తోడబుట్టినవాడు ఫాదెర, మేనమామ ఏఆమ్, మేనత్త ఫాథు, అమ్మ తోడబుట్టినది మోద్రియె. నాలుగూ వేరువేరు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు వచ్చి గెలిచారు. ఆ తరవాత రాజుల భాష, కచేరీ భాష ఫ్రెంచి. మెల్లగా ఇంటి మాటలు కూడా ఫ్రెంచివి వచ్చాయి. అంకుల్, ఆంట్, కజిన్.

ఆ ఫ్రెంచి మాటలు ఎక్కడినుంచి వచ్చాయి? లాటిన్ నుంచి. లాటిన్‌లో చిన్నాయన, పెదనాన్న పాత్రూస్. మేనమామ అవుంకులుస్. అంకుల్ అయింది ఏది? అవుంకులుస్! అంటే మేనమామ. లాటిన్‌లో పిన్నమ్మ మాతెర్తెర, మేనత్త అమిత. ఆంట్ అయింది ఏది? అమిత! అంటే మేనత్త. అంకుల్, ఆంటీ అంటే అసలు మూలంలో మామా, అత్తా అన్నట్టే. మరి కజిన్? లాటిన్‌లో కొన్సొబ్రీనుస్, మొదట్లో అక్కచెల్లెళ్ళ పిల్లలు ఒకరికొకరు. మనకైతే అన్నదమ్ముల వరస, అక్కచెల్లెళ్ళ వరస. గీతలు చెరిగిపోయి, ఆ మాటలు ఎవరికి పడితే వాళ్ళకు అంటుకున్నాయి. ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా చెబుతున్నాను.

తక్కిన భాషలను తొందరగా చూసేస్తాం. స్వీడన్‌లో మోర్ అంటే తల్లి, మోర్‌మోర్ అంటే అమ్మమ్మ. మన అమ్మమ్మలాగే కట్టిన మాట కదా, వింటే ముచ్చటేస్తుంది. మేనమామ మోర్‌బ్రోర్. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ భాష ఉంది, అందులో తోడబుట్టినదాన్ని మగవాడు ఒక మాటతో పిలుస్తాడు, ఆడది ఇంకొక మాటతో. చీనాలో నాన్న అన్నకు ఒక మాట, తమ్ముడికి ఒక మాట, మేనమామకు ఒకటి. నాన్న అన్నదమ్ముల పిల్లలు 'తాంగ్', ఇంటిలోపలివాళ్ళు. మిగతావాళ్ళు 'బియావ్', బయటివాళ్ళు. కానీ అక్కడ 1980 నుంచి 2015 దాకా చాలామందికి ఒక్క బిడ్డే. ఒక్కడే కొడుకు, వాడికి తోడబుట్టినవాళ్ళు లేరు. వాడి బిడ్డకు చిన్నాయన ఎవరు? మేనత్త ఎవరు? మాట ఉంది, పిలవడానికి మనిషి లేడు. మన ఇళ్ళల్లోనూ ఒక్క బిడ్డతో ఆగినవాళ్ళు ఉన్నారు కదా, ఆ పిల్లల పిల్లల సంగతి ఆలోచించండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట వియ్యంకుడు. కొడుక్కు పిల్లనిచ్చిన మామ నాకేమవుతాడు? ఇంగ్లీషులో మాట లేదు. హిందీలో సమ్ధీ, తమిళంలో సంబంధి, కన్నడంలో బీగరు, స్పానిష్‌లో కొన్‌సుయెగ్రో ఉంది. యూదుల యిడ్డిష్‌లోనూ ఒక మాట ఉంది. ఇద్దరు పిల్లల వల్ల చుట్టాలైన ఇద్దరు పెద్దవాళ్ళను పిలవడానికి కొన్ని జాతులకు మాట కావాల్సి వచ్చింది, కొన్నిటికి రాలేదు. తోడికోడలు కూడా అట్లాంటిదే. మనవైపు యారాలు అంటారు, పాత తెలుగులో ఏరాలు. సంస్కృతంలో యాత అని ఉంది. ఒకే ఇంట్లో అడుగుపెట్టిన ఇద్దరు పరాయి ఆడపిల్లలకు ఒక చుట్టరికం!

నా భార్య చెల్లెలి మొగుడు నాకు షడ్డకుడు. కోస్తావాళ్ళు తోడల్లుడు అంటారు. ముప్పై ఏళ్ళుగా మా రెండు ఇళ్ళూ ఒక ఇల్లులాగే నడిచాయి. నాలుగేళ్ళ కిందట ఆయన్ని ఆసుపత్రిలో చేర్చినప్పుడు రాత్రంతా నేనే ఉన్నాను. కాగితాలు నింపే అమ్మాయి 'పేషెంటుకు మీరేమవుతారు సార్' అని అడిగింది. షడ్డకుడిని అన్నాను. పాపం ఆ అమ్మాయి కంప్యూటరులో వెతికింది. తండ్రి, తల్లి, భార్య, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఆ కింద 'ఇతరులు'. ఇతరులు అని పెట్టింది. ఆయన ఆ రాత్రే పోయాడు. ఆ కాగితంలో నేను ఇతరుడినే.

అయితే మన మాటలే గొప్పవని చప్పట్లు కొట్టించుకొని పోవడానికి నేను రాలేదు. ఒక నిజం చెప్పాలి. మా ఊళ్ళో చిన్నప్పుడు కులం వేరైనా మామా, అన్నా, అవ్వా అని పిలుచుకునేవాళ్ళం. సాయిబుల ఇంటిపెద్దను మా నాయన బావా అనేవాడు. ఉగాదినాడు దేవుని కడపకు ముస్లిములు వస్తారు, స్వామి భార్య బీబీ నాంచారమ్మ వాళ్ళింటి కూతురు కాబట్టి వెంకటేశ్వరస్వామి వాళ్ళకు అల్లుడు. దేవుడితోనే వరస కలిపారు! కానీ మా ఊరి దళితవాడలో మా అబ్బ ఈడు మనిషి ఒకాయన ఉండేవాడు, మా పొలంలో పనిచేసేవాడు. ఆయన్ని పదేళ్ళ పిల్లలు పేరు పెట్టి 'ఒరే' అని పిలిచేవాళ్ళు. నేనూ పిలిచాను. ఆయన నన్ను 'అయ్యా' అనేవాడు. మన వరసలు ఎక్కడిదాకా పోయి ఎక్కడ ఆగిపోయాయో అక్కడ ఊరికి గోడ ఉంది. ఈనాడు అపార్టుమెంటులో పిల్లలు కాపలా మనిషిని కూడా 'అంకుల్' అంటున్నారు. ఆ మాట మీద నాకు ఎంత బాధ ఉన్నా, ఆ పిలుపు విన్నప్పుడు నా నోరు మూతపడుతుంది. నేను చేయలేని పని ఆ పిల్లలు చేస్తున్నారు. వాళ్ళు 'తాతా' అని కూడా పిలవగలిగితే ఇంకా సంతోషిస్తాను.

చాలా సేపైంది. వాకిలి దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టాను. పోతూపోతూ మీ ఊరి పేరు రాసి, మీ ఇంట్లో నాన్న తల్లిని ఏమంటారు, అమ్మ తల్లిని ఏమంటారు, తోడికోడలిని, షడ్డకుడిని ఏమని పిలుస్తారు, ఈ నాలుగు మాటలూ రాసి పోండి. జేజి అంటారా, అవ్వ అంటారా, నాయనమ్మ అంటారా, ఉన్నది ఉన్నట్టు రాయండి, పుస్తకాల మాట వద్దు. ఇంట్లో తమిళమో, కన్నడమో, ఉర్దూనో మాట్లాడేవాళ్ళు తప్పకుండా రాయాలి. కుప్పం వైపు పోవాల్సినవాళ్ళు ముందు రాండమ్మా, మీకు దూరం ఎక్కువ.